కాలిగోరు రంగు మారినప్పుడు ఏం గమనించాలి, డాక్టరుకు ఎప్పుడు చూపించాలి

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాదులో పాదాలు పచ్చబడతాయి. బోనమెత్తే ఆడవాళ్లు కాళ్లకు నిండుగా పసుపు రాసుకొని చెప్పులు లేకుండా గుడిదాకా నడుస్తారు. అదే నెలలో ఇంట్లో గోరింటాకు రుబ్బి చేతివేళ్లతోపాటు కాలివేళ్లకూ పెట్టుకుంటారు. అప్పటికే వానలు మొదలై ఉంటాయి కనుక ఉద్యోగాలకు వెళ్లేవారి బూట్లు ఆరీ ఆరకముందే మళ్లీ తడుస్తుంటాయి. ఆ తరువాత ఒకనాడు బొటనవేలి గోరు పచ్చగానో, గోధుమరంగులోనో, నల్లగానో కనిపించినప్పుడు అది పసుపు మరకా, పాత దెబ్బా, ఫంగసా, అంతకంటే జాగ్రత్తపడవలసినదా అన్న సందేహం కలుగుతుంది. చాలామంది ఆ గోరును గోళ్లరంగుతో కప్పేస్తారు, లేదా మందుల షాపులో చూపించి ఒక క్రీము తెచ్చుకుంటారు. ఈ రెండు పనులకూ ముందు ఇంట్లోనే నిదానంగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. చూస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లవలసిన లక్షణాలూ కొన్ని ఉన్నాయి. రంగు ఏమిటన్నదానికంటే అది గోటిలో ఎక్కడ మొదలైంది, గోరు ఎదిగేకొద్దీ ఎటు జరుగుతోంది అన్న సంగతులే మనకు ఎక్కువ చెబుతాయి.

గోరు ఎదిగే తీరు

మనకు కనిపించే గోరు కెరటిన్ అనే గట్టి పదార్థంతో తయారైన పలక. దానికి సొంత రంగు దాదాపు ఉండదు. కింద ఉన్న చర్మంలోని రక్తమే గులాబీ రంగుగా పైకి కనిపిస్తుంది. గోరు పుట్టేది మాత్రం చర్మం మడత లోపల దాగి ఉన్న మూలంలో. కొందరి బొటనవేలి గోటి మొదట్లో తెల్లగా, అర్ధచంద్రాకారంలో కనిపించేది ఆ మూలంలోని చివరి భాగమే. అందువల్ల రంగు నాలుగు చోట్ల పట్టవచ్చు: పలక పైన, పలక లోపల, పలక కింద, లేదా మూలంలోనే. పైన పట్టినది మరక. కింద చేరినది సాధారణంగా రక్తమో, ఫంగస్ వల్ల పేరుకున్న పొడో. మూలంలో పుట్టినది గోటి పొడవునా గీతగా సాగుతుంది.

చేతిగోరు నెలకు సుమారు 3 మి.మీ. పెరిగితే కాలిగోరు అందులో సగం, అంటే 1.5 మి.మీ. వరకు మాత్రమే పెరుగుతుంది. చేతిగోరు పూర్తిగా కొత్తది రావడానికి ఆరు నెలలు పడితే బొటనవేలి కాలిగోటికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. వయసు మీరినవారిలోనూ, కాళ్లకు రక్తప్రసరణ తక్కువగా ఉన్నవారిలోనూ ఇంకా ఆలస్యమవుతుంది. ఈ లెక్క ఎంతో ఉపయోగపడుతుంది. మచ్చ చర్మం అంచు నుంచి 6 మి.మీ. దూరంలో ఉందంటే, గోటి మూలానికి దెబ్బ తగిలి సుమారు నాలుగు నెలలకు పైగా అయి ఉంటుంది. దీపావళి నాటికి కనిపించిన మచ్చకు కారణం జూన్‌లో ఇల్లు మారినప్పుడు కాలి మీద పడిన బీరువా తలుపు కావచ్చు.

పరిశీలన కోసం ఇలా చేయాలి. గోళ్లరంగు పూర్తిగా తీసేసి, కాళ్లు సబ్బుతో కడిగి తుడుచుకొని, పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చోవాలి. పిల్లల బడి స్కేలును వేలి పక్కన ఆనించి ఫోనుతో ఫొటో తీసుకోవాలి. నెల తరువాత అదే చోట, అదే కోణంలో మరొకటి తీయాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మచ్చ గోటి కొన వైపు జరిగిందా, ఉన్నచోటే ఉందా, వెడల్పయిందా అన్నది తెలిసిపోతుంది. జ్ఞాపకాన్ని నమ్ముకోవడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. డాక్టరుకు కూడా ఈ ఫొటోలు బాగా పనికివస్తాయి. అయితే కిందన చెప్పబోయే ప్రమాద లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఫొటోల కోసం నెలలు ఆగకూడదు.

మనం పూసిన రంగులు, తగిలిన దెబ్బలు

పసుపు, పెళ్లిళ్లలో పెట్టే పారాణి, గోరింటాకు, గోళ్లరంగు, వానలో తడిసిన నల్ల సాక్సులు: ఇవన్నీ గోటి పైపొరకు రంగు పట్టిస్తాయి. గోరింటాకు రంగు చర్మం మీద రెండు వారాల్లో వెలిసిపోయినా గోటి మీద మాత్రం ఆ గోరు ఎదిగి కత్తిరించేదాకా ఉంటుంది, ఎందుకంటే చర్మంలా గోరు పొరలు పొరలుగా రాలిపోదు. పైనుంచి పట్టిన మరకకు ఒక గుర్తు ఉంది: దాని వెనక అంచు గోటి మొదట్లో ఉండే చర్మపు వంపును అనుసరించి ఉంటుంది, గోరు పెరిగేకొద్దీ ఆ అంచు వెనక శుభ్రమైన గోరు నెలవంకలా బయటపడుతూ వస్తుంది. ముదురు ఎరుపు గోళ్లరంగును విడవకుండా వేసుకునేవారి గోళ్లు పచ్చబడడం, తీసినప్పుడు పైన తెల్లటి గరుకు మచ్చలు కనిపించడం కూడా మామూలే. కొంతకాలం రంగు మానేస్తే చాలు. బ్లేడుతో గీకి తెల్లగా చేయాలని చూస్తే గోరు పలచబడి, నిజమైన ఫంగస్‌కు దారి దొరుకుతుంది.

రాయి తగిలినా, తలుపు సందున పడినా గోటి కింద రక్తం చేరి మొదట ఎర్రగా, ఊదాగా, కొద్దిరోజులకు నల్లగా మారుతుంది. ఒక్క పెద్ద దెబ్బే తగలనక్కరలేదు. కేబీఆర్ పార్కులోనో నెక్లెస్ రోడ్డు మీదో రోజూ ఐదారు కిలోమీటర్లు నడిచేవారికీ, మారథాన్ కోసం పరుగెత్తేవారికీ బూటు ముందుభాగం ఇరుకుగా ఉంటే వేలు మళ్లీ మళ్లీ ఒత్తుకొని గోరు నల్లబడుతుంది, దెబ్బ తగిలిన జ్ఞాపకమే ఉండదు. ఇటువంటివారు బూట్లు సాయంత్రంపూట, అంటే పాదాలు కొద్దిగా ఉబ్బి ఉండే వేళ కొనుక్కోవాలి. నిలబడినప్పుడు అతి పొడవైన వేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రక్తపు మచ్చ గోటితోపాటు ముందుకు జరుగుతుంది, వెనక మామూలు గోరు వస్తుంది. రెండు మూడు నెలల ఫొటోలలో అలా జరగకపోతే దెబ్బ తగిలిన మాట నిజమే అయినా డాక్టరుకు చూపించాలి. దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు రోజుల్లో నొప్పి భరించలేనంతగా పోట్లు పొడుస్తుంటే డాక్టరు గోటికి చిన్న రంధ్రం చేసి రక్తం బయటికి వదులుతారు, వెంటనే ఉపశమనం కలుగుతుంది. పిన్నీసు కాల్చి ఇంట్లో ఆ పని చేయడం ప్రమాదకరం. బరువైన వస్తువు పడి ఉంటే ఎముక విరిగిందేమో ఎక్స్‌రే తీయించుకోవాలి.

పుప్పిగోరు

కాలిగోళ్లకు వచ్చే వ్యాధులలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఫంగస్ వల్ల వచ్చే పుప్పిగోరే. ఇది సాధారణంగా బొటనవేలి గోటి కొనలో, ఒక మూల నుంచి మొదలై మూలం వైపు వెనక్కి పాకుతుంది. పైన చెప్పిన రక్తపు మచ్చ ముందుకు జరిగితే ఇది వెనక్కి వస్తుంది. ఈ ఒక్క తేడాను ఫొటోలలో గమనించినా చాలా సందేహాలు తీరతాయి. మొదట పచ్చటి లేదా తెల్లటి చార కనిపిస్తుంది, తరువాత గోరు మందమై, కింద పిండి వంటి పొడి పేరుకొని, కొన దగ్గర పెళుసుగా విరిగిపోతుంది. మరొక రకంలో గోటి పైన సుద్ద పూసినట్లు తెల్ల మచ్చలు వస్తాయి.

ఇందుకు కారణమయ్యేది చాలావరకు ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్. తామరకూ, వానాకాలంలో కాలివేళ్ల సందులు తెల్లగా నాని ఒరిసిపోయి దురద పెట్టడానికీ కారణమయ్యేది కూడా తరచుగా ఇదే, లేదా దీని సంబంధీకులే. అందుకే గోరు రంగు మారినవారు ముందుగా తమ వేళ్ల సందులను, ముఖ్యంగా చిటికెనవేలికీ దాని పక్కవేలికీ మధ్యనున్న సందును విడదీసి చూసుకోవాలి. అక్కడ చర్మం పాచిపోయినట్లుంటే ఫంగస్ అక్కడి నుంచే గోటికి పాకి ఉండవచ్చు, అక్కడ నయం చేయకుండా గోటికి మాత్రమే మందు వేస్తే అది మళ్లీ వస్తుంది. పగలంతా బూట్లు విప్పని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, అపార్టుమెంట్ల ముందు పన్నెండేసి గంటలు నిలబడే కాపలాదారులు, వానలో తిరిగే డెలివరీ కుర్రాళ్లు, నీళ్లలో పని చేసే ఇంటిపనివారు దీనికి ఎక్కువగా లోనవుతారు. షుగర్ ఉన్నవారికీ, వయసు మళ్లినవారికీ, ఇంట్లో మరొకరికి అప్పటికే ఉన్నవారికీ అవకాశం మరింత ఎక్కువ.

ఇంత చెప్పిన తరువాత కూడా ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. చూడడానికి అచ్చం పుప్పిగోరులా కనిపించే గోళ్లలో సుమారు సగం మాత్రమే నిజంగా ఫంగస్ పట్టినవి. మా పెద్దమ్మ కాలిగోళ్లు పచ్చగా మందమైనప్పుడు మేమందరం ఫంగసే అనుకున్నాము. ఒక మందుల షాపులో ఇచ్చిన క్రీములు, తరువాత ఎవరో చెప్పిన మాత్రలు దాదాపు రెండేళ్లు వాడింది. చివరికి చర్మవ్యాధుల నిపుణురాలు ఆమె మోచేతుల మీద పొలుసులను, చేతిగోళ్ల మీద సూదితో పొడిచినట్లున్న చిన్న గుంటలను చూసి అది ఫంగస్ కాదు, సోరియాసిస్ అనే చర్మవ్యాధి అని తేల్చారు. అవసరం లేని మాత్రలు కాలేయం మీద వేసే భారాన్ని తలచుకుంటే ఆ రెండేళ్ల గురించి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి మాత్రలు మొదలుపెట్టే ముందు పరీక్ష జరగాలి. గోటి ముక్కనూ కింది పొడినీ పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి మైక్రోస్కోపులో చూసే పరీక్ష చవకైనది, ఫలితం త్వరగా వస్తుంది. నమూనాలోని ఫంగస్‌ను లాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షకు నాలుగు వారాల వరకు పట్టవచ్చు, కానీ ఏ రకం ఫంగసో అది చెబుతుంది. గోటి ముక్కను బయాప్సీ లాబులో ప్రత్యేకమైన రంగు వేసి చూసే పద్ధతి కూడా ఉంది. ఒకసారి పరీక్షలో ఫంగస్ కనిపించలేదని వచ్చినంత మాత్రాన అది లేదని తేలినట్లు కాదు, అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు మళ్లీ నమూనా తీస్తారు. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని ముందురోజు గోళ్లు పొట్టిగా కత్తిరించి, శుభ్రంగా గీకి, రంగు వేసుకొని వెళ్తారు. అప్పుడు పరీక్షకు తీయడానికి ఏమీ మిగలదు. గోళ్లను కత్తిరించకుండా, రంగు లేకుండా వెళ్లాలి. అప్పటికే ఏదైనా పూతమందు వాడుతుంటే అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పి, ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగాలి.

ఫంగస్ అని తేలితే డాక్టర్లు సాధారణంగా టెర్బినాఫిన్ 250 మి.గ్రా. మాత్రను రోజుకొకటి చొప్పున 12 వారాలు రాస్తారు, ముందుగా కాలేయం పనితీరు రక్తపరీక్ష చేయిస్తారు. ఇట్రాకొనజోల్ మరొక మార్గం. అయితే గుండె వైఫల్యం ఉన్నవారికి అది పనికిరాదు, కొలెస్ట్రాల్ కోసం వాడే కొన్ని స్టాటిన్ మాత్రలతో కలిస్తే ప్రమాదం తెచ్చిపెట్టగలదు. కనుక రోజూ వేసుకునే మందులన్నిటి పేర్లూ డాక్టరుకు చెప్పాలి, గర్భిణులు ఆ విషయం తప్పనిసరిగా చెప్పాలి. గోటిలో కొద్దిభాగమే దెబ్బతిని, మూలం బాగుంటే అమోరొల్ఫిన్, సైక్లోపిరాక్స్ వంటి గోటిపూతలు కూడా ఉన్నాయి, కానీ వాటిని దాదాపు ఏడాది పాటు విడవకుండా రాయాలి. మాత్రలు మూడు నెలల్లో అయిపోయినా గోరు అప్పటికి మారదు, పాడైన గోరు ఎదిగి పోవడానికి ఏడాదిన్నర పట్టవచ్చు. మందు పనిచేస్తోందని తెలిపేది మూలం దగ్గర కొత్తగా వస్తున్న శుభ్రమైన గోరు మాత్రమే. ఈ సంగతి ముందే తెలియక మధ్యలో వదిలేసేవారు ఎందరో.

మందుల షాపుల్లో ఫంగస్ మందుకు క్లోబెటాసోల్ వంటి స్టెరాయిడ్‌ను కలిపి అమ్మే క్రీములను ఎట్టి పరిస్థితిలోనూ సొంతంగా వాడకూడదు. అవి రాసిన వెంటనే దురద తగ్గుతుంది, కానీ చర్మపు రక్షణశక్తిని అణచివేయడం వల్ల ఫంగస్ లోలోపల పెరిగిపోతుంది. మన దేశంలో తామర ఇంత మొండిగా తయారవడానికి ఈ క్రీములు ఒక ముఖ్య కారణమని చర్మవ్యాధుల నిపుణులు ఎన్నో ఏళ్లుగా హెచ్చరిస్తూనే ఉన్నారు.

ఇంట్లో చేయవలసినవి చిన్న పనులే. స్నానం తరువాత వేళ్ల సందులను వేరే తుండుతో పొడిగా తుడుచుకోవాలి, నూలు సాక్సులు రోజూ మార్చాలి, వానాకాలంలో రెండు జతల బూట్లను రోజు మార్చి రోజు వేసుకుంటే ఒక్కొక్క జతకు ఆరడానికి సమయం దొరుకుతుంది. నెయిల్ కట్టర్ ఎవరిది వారికే ఉండాలి. పార్లరులో పెడిక్యూర్ చేయించుకునేవారు తమ పరికరాలను తామే తీసుకెళ్లడం, గోటి మొదట్లోని చర్మాన్ని వెనక్కి నెట్టనివ్వకపోవడం మంచిది. ఆ పలచటి చర్మమే సూక్ష్మజీవులు లోపలికి పోకుండా అడ్డుకునే ముద్ర.

మిగతా రంగులు

గోరు వేలి నుంచి కొంత విడిపోయి, ఆ ఖాళీలో ఆకుపచ్చగానో ముదురు నీలి ఆకుపచ్చగానో కనిపిస్తే అక్కడ సూడోమోనాస్ అనే బాక్టీరియా చేరి ఉండవచ్చు. ఆ రంగు అది తయారుచేసే వర్ణకానిదే. ఎప్పుడూ తడిలో ఉండే కాళ్లకు ఇది వస్తుంది. విడిపోయిన భాగాన్ని కత్తిరించి, పొడిగా ఉంచి, డాక్టరు చెప్పిన మందు వాడాలి, ఫంగస్ మందు దీనికి పనిచేయదు.

ఇరవై గోళ్లూ పచ్చబడి, మందమై, ఎదుగుదల దాదాపు ఆగిపోయి, దానితోపాటు కాళ్ల వాపు, విడవని దగ్గు, ఆయాసం ఉంటే అది ఊపిరితిత్తులకూ లింఫు నాళాలకూ సంబంధించిన అరుదైన జబ్బు కావచ్చు. గోళ్లు చాలావరకు తెల్లబడడం కాలేయ వ్యాధిలోనూ, సగం తెల్లగా సగం గోధుమరంగులో ఉండడం దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధిలోనూ కనిపిస్తుంది, అయితే ఇవి చేతిగోళ్లలోనే స్పష్టంగా తెలుస్తాయి. కాలిగోటి మీద ఒకటి రెండు తెల్ల చుక్కలు కనిపిస్తే కాల్షియం తక్కువైందని మాత్రలు మింగవలసిన పని లేదు. అవి చాలావరకు చిన్న దెబ్బల గుర్తులే.

నల్ల గీత

గోటి పొడవునా, మూలం నుంచి కొనదాకా గోధుమ లేదా నలుపు గీత వస్తే దాని గురించి భయం లేకుండానూ, నిర్లక్ష్యం లేకుండానూ ఆలోచించాలి. మన వంటి చామనఛాయ, నలుపు ఛాయ గలవారిలో ఒకటి కంటే ఎక్కువ గోళ్ల మీద సన్నగా, లేతగా, ఏళ్ల తరబడి మారకుండా ఉండే గీతలు సహజంగానే వస్తాయి. విటమిన్ బి12 లోపంలో గోళ్లు, వేళ్ల కణుపులు నల్లబడవచ్చు. మాంసాహారం బొత్తిగా తినని ఇళ్లలో ఈ లోపం అరుదేమీ కాదు, రక్తపరీక్షతో తెలుస్తుంది. కీమోథెరపీ మందులు, హెచ్ఐవీ చికిత్సలో వాడే జిడోవుడిన్ కూడా ఇలా చేస్తాయి.

కానీ ఇదే గీత మెలనోమా అనే చర్మ కాన్సరుకు తొలి గుర్తు కూడా కావచ్చు. చామనఛాయ, నలుపు ఛాయ గలవారికి మెలనోమా రావడమే తక్కువ. వచ్చినప్పుడు మాత్రం అది అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద రావడానికి ఎక్కువ అవకాశం ఉంది, అందులోనూ చేతి బొటనవేలు, కాలి బొటనవేలు ముఖ్యమైనవి. జమైకా గాయకుడు బాబ్ మార్లీ కథ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆయన కాలి బొటనవేలి గాయాన్ని ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగా భావించారు, అది గోటి కింద పెరుగుతున్న మెలనోమా అని 1977లో బయటపడింది, 1981 మేలో 36 ఏళ్ల వయసులో ఆయన మరణించారు.

నల్ల గీత విషయంలో ప్రమాద లక్షణాలు ఇవి. ఒకే ఒక్క గోటి మీద, ముఖ్యంగా నడివయసు దాటిన తరువాత, కొత్తగా గీత రావడం. అది 3 మి.మీ. కంటే వెడల్పుగా ఉండడం లేదా నెలల వ్యవధిలో వెడల్పవడం. మొదట్లో వెడల్పుగా, కొన దగ్గర సన్నగా త్రిభుజంలా కనిపించడం. రంగులు కలగాపులగంగా, అంచులు మసకగా ఉండడం. నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకడం. గోరు చీలడం, రక్తం కారడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రెండు వారాల్లోగా చర్మవ్యాధుల నిపుణులకు చూపించాలి. చర్మంలోకి రంగు పాకడం అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు. కొన్నిసార్లు నలుపే ఉండదు. గోటి కింద ఎర్రటి కండ పెరిగి, తాకితే రక్తం కారుతూ, గోరు లోపలికి గుచ్చుకోవడం వల్ల వచ్చిన పుండేమో అనిపించి మందులకు మానదు. అటువంటి గోరును ఎక్కడైనా తీసేస్తామంటే, తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపుతారా అని తప్పక అడగాలి. డాక్టర్లు డెర్మోస్కోపు అనే భూతద్దం వంటి పరికరంతో చూసి, అవసరమైతే మూలం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తొలిదశలో పట్టుకుంటే ఇది నయమయ్యే జబ్బు.

షుగర్ ఉన్నవారికి లెక్క వేరు

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారు. హైదరాబాదులో షుగర్ మాత్ర వేసుకునేవారు లేని అపార్టుమెంటు అంతస్తు దొరకడం కష్టమేనని నాకనిపిస్తుంది. వారికి రెండు నష్టాలు కలిసి వస్తాయి: నరాలు మొద్దుబారి దెబ్బ తగిలినా నొప్పి తెలియదు, రక్తనాళాలు సన్నబడి తగిలిన దెబ్బ త్వరగా మానదు. మందమైన పుప్పిగోరు బూటులో ఒత్తుకొని కింద పుండు పడినా వారికి తెలియకపోవచ్చు. మిగతావారు నెల ఆగి చూడదగిన రంగు మార్పును కూడా షుగర్ ఉన్నవారు వారంలోపు చూపించుకోవాలి.

గోరుతోపాటు వేలు కూడా నీలంగానో నల్లగానో మారితే, వేలు చల్లబడితే, దుర్వాసన, చీము, కాలి మీదికి పాకే ఎరుపు, జ్వరం ఉంటే అదే రోజు, రాత్రయినా సరే, ఆస్పత్రికి వెళ్లాలి. షుగర్ లేకపోయినా బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నవారికి నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతుంటే, వేళ్ల రంగు మారుతుంటే ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పెదవులతోపాటు చేతిగోళ్లు, కాలిగోళ్లు అన్నీ నీలంగా మారి ఊపిరి ఆడకపోతే అది గోటి సమస్య కాదు, వెంటనే 108కి ఫోను చేయాలి.

షుగర్ ఉన్న పెద్దవారి పాదాలను ఇంట్లో మరొకరు రోజూ రాత్రి చూడాలి. వారు వంగలేరు, చూపు కూడా మందగించి ఉండవచ్చు; అమ్మ కాళ్లు కొడుకు చూడడానికి మొహమాటపడవలసినదేమీ లేదు. గోళ్లను మూలలు లోపలికి కోయకుండా అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మందంగా ఉంటే ఇంట్లో బలవంతంగా కోయకుండా ఆస్పత్రిలో చేయించాలి. మొద్దుబారిన కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టకూడదు. మొక్కు ఉన్నా ఎండకు కాలిన బండల మీద వట్టి కాళ్లతో నడవకూడదు. అమ్మవారికి ఆ మొక్కును ఇంట్లో మరొకరు తీర్చినా సరిపోతుందని పెద్దలకు నచ్చజెప్పడం మన పని.

ఎక్కడికి వెళ్లాలి

సాధారణమైన అనుమానానికి దగ్గరలోని బస్తీ దవాఖానా సరిపోతుంది. అక్కడ డాక్టరు ఉచితంగా చూసి, షుగర్, కాలేయ పరీక్షల వంటివాటికి రక్తనమూనాను ప్రభుత్వ లాబుకు పంపుతారు, అవసరమైతే పెద్దాసుపత్రికి రాసిస్తారు. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆస్పత్రిలో, ముషీరాబాద్ గాంధీ ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. ఓపీ చీటీ కోసం పొద్దున్నే వెళ్లడం మంచిది. బయాప్సీలో కాన్సర్ అని తేలినవారికి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కాన్సర్ ఆస్పత్రి ఉంది.

వెళ్లేటప్పుడు ఫొటోలు, వాడుతున్న మందుల చీటీలు, ఇంతవరకు రాసిన క్రీముల ఖాళీ ట్యూబులు కూడా తీసుకెళ్లాలి. రెండు కాళ్ల గోళ్లనూ, చేతిగోళ్లనూ, వేళ్ల సందులనూ, మోచేతులనూ అడగకపోయినా చూపించాలి. కుటుంబంలో ఎవరికైనా సోరియాసిస్ గానీ మెలనోమా గానీ ఉంటే చెప్పాలి. మందు రాసినప్పుడు ఇది పరీక్షలో తేలినదా, చూసి అనుకున్నదా అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. మూడు నెలల తరువాత మూలం దగ్గర కనీసం 3, 4 మి.మీ. శుభ్రమైన గోరు రాకపోతే అదే మందును సొంతంగా పొడిగించకుండా, పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెట్టుకొని మళ్లీ అదే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.